ఆయ్ అంటే వింటున్నానని

ఇందిర నర్సు ఉద్యోగం మానేసి పాలిటెక్నిక్‌లో చేరబోతోందన్న కబురు వాళ్ళ పేటలో మొదట ఎవరూ నమ్మలేదు. నమ్మినవాళ్ళు ఆమెకు ఒంట్లో బాగాలేదేమో అనుకున్నారు. అనుకోరూ మరి. పదకొండేళ్ళ సర్వీసు, అమలాపురంలో మంచి పేరున్న ప్రైవేటు ఆసుపత్రి, ఐసీయూలో సీనియర్ స్టాఫ్ నర్సు. పేటలో ఎవరికి జ్వరం వచ్చినా, ఎవరికి బీపీ పెరిగినా "నర్సమ్మ గారు ఉన్నారాండీ" అంటూ ముందు ఆమె గుమ్మంలోకే వచ్చేవారు. అలాంటి మనిషి ముప్పై మూడో ఏట, పదో తరగతి పిల్లల పక్కన కూర్చుని ప్రవేశపరీక్ష రాస్తానంటే, ఉడికిన అన్నం కుండను కాలదన్నుకోవడం కాక మరేమిటి?

పరీక్ష రోజున గుమ్మం దగ్గర నిలబడ్డ ఇన్విజిలేటరు కూడా ఆమెను ఆపేశాడు. పిల్లల్ని దింపేసి పెద్దవాళ్ళు బయటే ఉండాలని మర్యాదగానే చెప్పాడు. ఇందిర హాల్‌టికెట్ చూపించింది. ఆయన ఫొటో వంకా, ఆమె మొహం వంకా రెండుసార్లు చూసి పక్కకు తప్పుకున్నాడు. ఆ రోజు ఆ గదిలో చీర కట్టుకున్న అభ్యర్థి ఆమె ఒక్కతే.

ఇంతకీ ఈ పురుగు ఎక్కడ కుట్టిందయ్యా అంటే, రెండో విడత కరోనాలో. పోలవరం వైపు నుంచి ఒక పెద్దావిడను తెచ్చి ఐసీయూలో చేర్చారు. వేలికి క్లిప్పు పెడితే ఆక్సిజన్ ఎనభై ఎనిమిది చూపించింది. ఇందిరకు అనుమానం వచ్చింది, మనిషి మరీ అంత ఆయాసపడటం లేదు. చెవితమ్మెకు పెట్టి చూస్తే తొంభై అయిదు. తీరా చూస్తే ఆవిడ గోళ్ళకు గోరింటాకు నల్లగా, దట్టంగా పండి ఉంది. డాక్టరు గారిని అడిగితే, గోరింటాకు లేని వేలికి పెట్టి రాసుకోమన్నారు. అది సరైన సలహాయే. కాని ఇందిర అడిగింది ఏం చెయ్యాలని కాదు, ఎందుకలా జరిగిందని. గోటి రంగుకీ, ఒంట్లో ఊపిరికీ ఏమిటి సంబంధం?

ఆ జవాబు నెల తరవాత, మిషన్లు బాగుచెయ్యడానికి విశాఖపట్నం నుంచి వచ్చిన సర్వీసు ఇంజనీరు చెప్పాడు. క్లిప్పు విప్పి లోపలి ఎర్ర దీపం చూపించాడు. దాని పక్కనే ఇంకో దీపం ఉందనీ, దాని వెలుతురు మన కంటికి ఆనదనీ చెప్పాడు. ఊపిరి నిండిన రక్తం ఒక వెలుతురును ఎక్కువ తాగుతుంది, ఊపిరి తగ్గిన రక్తం రెండోదాన్ని తాగుతుంది, ఆ తేడాను మిషను లెక్కగట్టి అంకె వేస్తుంది, మధ్యలో రంగు అడ్డుపడితే లెక్క తప్పుతుంది. పది నిమిషాల్లో చెప్పేసి, టీ తాగి అతను వెళ్ళిపోయాడు. ఇందిరకు మాత్రం వారం రోజులు నిద్ర సరిగ్గా పట్టలేదు. పదకొండేళ్ళుగా ఆ క్లిప్పును వేలకొద్దీ వేళ్ళకు పెట్టింది కదా, అది వెలుతురుతో రక్తాన్ని చదువుతోందని ఒక్కరూ చెప్పలేదే అని ఆమెకు ఉక్రోషం వచ్చింది. ఆ తరవాత వెంటిలేటరు గురించి అడిగింది, ఈసీజీ గురించి అడిగింది. అందరూ ఒకటే మాట, అది మన పని కాదు సిస్టర్ అని. సరే, ఎవరి పనో వాళ్ళలోనే చేరిపోతే పోలా అనుకుంది.

భర్త యాకోబు తాటిపాకలో ఒక కాంట్రాక్టరు దగ్గర వెల్డరు. మాటలు పొదుపు. సంగతంతా విని, "నాది వెలుతురు చూడకూడని పని. నీకు చూసే పని దొరికితే మంచిదే కదా" అన్నాడు. ఆ ఒక్క మాట పట్టుకునే ఇందిర ఆ తరవాతి మూడేళ్ళూ బతికిందని చెప్పినా తప్పు లేదు.

తల్లి జ్ఞానమ్మ దగ్గర మాత్రం పప్పులు ఉడకలేదు. ఆవిడ వయసంతా ఊరి చేలల్లో నాట్లు వేసి, కలుపు తీసి, కూతుర్ని నర్సుని చేసింది. కూతురికి ఉద్యోగం వచ్చిన ఏడాది ఇంటి ముందు టెంటు వేయించి, పాస్టరు గారిని పిలిచి కృతజ్ఞత కూడిక పెట్టించింది. నలుగురి ముందూ లేచి సాక్ష్యం చెబుతూ ఏడ్చేసింది. ఆ తెల్ల బట్టలు దేవుడు తన చేత్తో ఇచ్చినవని ఆవిడ నమ్మకం. ఇచ్చినదాన్ని కాదంటే ఆయనకు కోపం రాదా అని భయం. జ్ఞానమ్మ కోపం అరిచే రకం కాదు. మాట మానేసి, కూరలో ఉప్పు ఎక్కువ వేసే రకం. ఆ వేసవంతా ఆ ఇంట్లో వాళ్ళు మజ్జిగ కాస్త ఎక్కువే తాగారు.

పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ సీటు వచ్చింది. కాలేజీకి వెళ్ళేముందు పొద్దున్నే ఒకరిద్దరి ఇళ్ళకు వెళ్ళి డ్రెస్సింగులు చేసే పని పెట్టుకుంది ఇందిర. వాళ్ళలో ఒకరు సూర్యప్రకాశరావు గారు, డిగ్రీ కాలేజీలో నలభై ఏళ్ళు ఫిజిక్సు చెప్పి రిటైరైన మేష్టారు. డెబ్భై నాలుగేళ్ళు. షుగరు. ఎడమ పాదం మీద మానని పుండు. మొదటి రోజు ఆమె పాదం కడుగుతుండగా సంచీలోంచి బయటికి కనబడుతున్న లెక్కల పుస్తకం ఆయన కంటపడింది. ఎవరిదమ్మా అని అడిగారు. నాదేనండి అంది. ఆయన బేరం పెట్టారు. "నువ్వు నా కాలు చూడు, నేను నీ లెక్కలు చూస్తాను. నీకు డబ్బు ఊసొద్దు, నాకూ వద్దు" అన్నారు. ఆ ఇంటి చేలల్లోనే ఒకప్పుడు జ్ఞానమ్మ నాట్లు వేసింది. కూతురు వాళ్ళ హాల్లో కుర్చీ వేసుకుని పాఠం నేర్చుకుంటోందని విని, ఆవిడ చాలా రోజుల తరవాత నోరు విప్పి, కుర్చీ వాళ్ళే వేసేరా నువ్వు వేసుకున్నావా అని అడిగింది. వాళ్ళే వేశారని తెలిశాక ఇంకేమీ అడగలేదు.

పాఠం చెప్పడమంటే మేష్టారికి ప్రాణం లేచొచ్చేది. గోదావరి దాటే పంటు ఎదుటి రేవుకే చేరాలంటే, దాని ముక్కు కాస్త ఎగువకు పెట్టి నడపాలి కదా, ఆ ఎగువకు ఎంత అన్నదే వెక్టార్ల లెక్క అని చెప్పేవారు. ఇందిర గాజుగుడ్డ చుడుతూ "ఆయ్" అనేది. సైన్, కాస్ అంటూ సూత్రాలు వరసగా అప్పజెప్పేవారు. ఆయ్. డిఫరెన్షియేషన్ మొదలుపెట్టి నాలుగు రోజుల్లో ముగించారు. ఆయ్, ఆయ్. వంటింట్లోంచి సూర్యకుమారి గారు, ఆయన భార్య, ఈ అమ్మాయి ఎంత బుద్ధిగా వింటోందో అని మురిసిపోయేవారు. మేష్టారైతే ఇంత చురుకైన శిష్యురాలు తన సర్వీసులోనే తగల్లేదని వచ్చినవాళ్ళందరికీ చెప్పారు.

మొదటి ఏడాది లెక్కల్లో ఆమెకు పదకొండు మార్కులు వచ్చాయి.

మేష్టారు ఆ కాగితాన్ని చాలాసేపు పట్టుకుని కూర్చున్నారు. పొరపాటున వేరేవాళ్ళది వచ్చిందేమో నంబరు చూడమన్నారు. నంబరు ఆమెదే. అప్పుడు ఇందిర తలవంచుకుని నిజం చెప్పేసింది, మొదటి రోజు పంటు దగ్గర్నుంచీ తనకు ఒక్క ముక్క అర్థం కాలేదని.

"మరి ఆయ్ అన్నావు కదమ్మా?"

"వింటున్నానని అండి."

రామాయణమంతా విని రాముడికి సీత ఏమవుతుందని అడిగినట్టయింది వ్యవహారం. సూర్యకుమారి గారు నవ్వు ఆపుకోలేక చెంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. మేష్టారికి నవ్వు రాలేదు. ఆయన పుట్టింది ఇక్కడే, పెరిగింది ఇక్కడే, రోజుకు వందసార్లు తనూ ఆయ్ అనేవారే. ఆ మాటకు 'చెప్పండి, వింటున్నాను' అన్న అర్థం తప్ప మరోటి లేదని ఆయనకు తెలియనిదా? తెలుసు. తెలిసీ, నలభై ఏళ్ళు క్లాసు క్లాసంతా ఆయ్ అంటుంటే అందరికీ అర్థమైపోయిందని చాక్‌పీసు దులుపుకుని వచ్చేశారు. ఎంతమందికి అర్థం కాలేదో, ఎంతమంది ఫిజిక్సంటే మనవల్ల కాదని మానేశారో. ఆ మాటే ఆయన పైకి అన్నారు. ఇందిరకు తన పదకొండు మార్కుల బాధ కంటే ఆయన మొహం చూస్తే ఎక్కువ బాధ వేసింది.

మర్నాటి నుంచి ఆ ఇంట్లో ఆయ్ నిషిద్ధం. అర్థమైందనాలి, లేదా అర్థం కాలేదనాలి, మధ్యలో ఇంకో మాట లేదు. నోరుజారి ఆయ్ అంటే, అప్పటిదాకా చెప్పింది ఆమె ఆయనకు తిరిగి చెప్పాలి. ఇది నర్సుకు ఎంత కష్టమో బయటివాళ్ళకు తెలియదు. ఆసుపత్రిలో పెద్ద డాక్టరు రౌండ్సులో ఏదైనా చెబితే, అర్థం కాలేదండి అని మొహం మీద అనే నర్సును ఎవరైనా చూశారా? మొదటి వారమంతా ఆమె అర్థం కాలేదు అనబోయి ఆయ్ అనేసేది. తరవాత తరవాత అలవాటైంది. ఎంత అలవాటైందంటే, ఒక్కో లెక్క దగ్గర మేష్టారు మూడు రోజులు ఆగిపోవలసి వచ్చేది.

ఒకరోజు డిఫరెన్షియేషన్ అయిదోసారి చెబుతుంటే, ఇందిర చేతిలో పని ఆపేసింది. "సెలైను సీసాలో మట్టం ఎంత తగ్గిందో చూసి చుక్కలు సరిచేస్తాం కదండీ. గంటలో ఎంత తగ్గిందని కాకుండా, సరిగ్గా ఇప్పుడు, ఈ నిమిషంలో ఎంత జోరుగా తగ్గుతోందో చెప్పేదే ఇదా అండి?" అంది. మేష్టారు కాలు సంగతి మర్చిపోయి కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. అదే, అదేనమ్మా, అంతకంటే ఇందులో ఏమీ లేదని అన్నారు. పదకొండేళ్ళుగా చేస్తున్న పనికే ఇంత పెద్ద పేరు పెట్టారా అని ఇందిరకు నవ్వొచ్చింది. ఆ రోజు సైకిలు మీద కాలేజీకి వెళ్తూ, దారిపొడుగునా దేవుడికి స్తోత్రం చెప్పుకుంది. మేష్టారికీ కలిపే చెప్పుకుంది.

అయినా రెండోసారీ పోయింది, నాలుగు మార్కుల తేడాలో. ఈ పేపరు గట్టెక్కితేనే ఆఖరి ఏడాదికి పోనిస్తారు. అప్పుడు జ్ఞానమ్మ కూతుర్ని కూర్చోబెట్టుకుని ఇంకెన్నాళ్ళిలా అని గట్టిగా అడిగింది. ఇందిర మాటిచ్చింది, ఈ ఒక్కసారి రాస్తాను, పోతే తిరిగి డ్యూటీలో చేరిపోతాను అని. ఆసుపత్రిలో మేట్రను, నీ చోటు నీకెప్పుడూ ఉంటుందనే చెప్పింది. చేరిపోతే ఇంక మళ్ళీ బయటికి రానని ఇందిరకు తెలుసు. ముప్పై అయిదు దాటాక మనిషి రెండుసార్లు ధైర్యం చెయ్యలేదు.

పరీక్షకు పది రోజుల ముందు మేష్టారు ఆమెను రావద్దన్నారు. పొద్దుటి పూట చదువుకో, నా కాలు సూర్యకుమారి చూస్తుందన్నారు. ఇందిర ఆవిడకు గ్లౌజులు తొడుక్కోవడం దగ్గర్నుంచీ అన్నీ నేర్పి, రోజూ సాయంత్రం ఫోను చేసేది. కాలు ఎలా ఉందని, చీమూ అదీ ఏమీ లేదు కదండీ అని, జ్వరం లేదు కదండీ అని అడిగేది. అవతల్నించి మేష్టారు నింపాదిగా "ఆయ్" అనేవారు. ఇందిర నిశ్చింతగా ఫోను పెట్టేసి పుస్తకం తీసేది.

పరీక్ష బాగా రాసింది. ఆ ఆనందంలో ప్రశ్నపత్రం పట్టుకుని తిన్నగా మేష్టారి ఇంటికి వెళ్తే తలుపుకు తాళం ఉంది. ఫోను చేస్తే సూర్యకుమారి గారు ఎత్తి, ఏడుపు ఆపుకుంటూ ఆసుపత్రి పేరు చెప్పారు. ఇందిర పనిచేసిన ఆసుపత్రే.

మంచం దగ్గరికి వెళ్ళినా ఆమె ముందు మేష్టారి మొహం చూడలేదు. అలవాటు కొద్దీ ముందు కేసుషీటు తీసి చదివింది. సోమవారం చేర్చారు. బుధవారం ఆపరేషన్, ఎడమ కాలి రెండు వేళ్ళు తీసేశారు. ఈ రోజు శుక్రవారం. అంటే నిన్న సాయంత్రం, మొన్న సాయంత్రం ఆయన ఈ మంచం మీది నుంచే తనతో మాట్లాడారు. భార్యతో ఒట్టు వేయించుకుని మరీ దాచారు. వార్డులో పదకొండేళ్ళలో ఎన్నడూ కంటతడి పెట్టని మనిషి షీటు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. కొంతసేపటికి తేరుకుని, మీ మీద నాకు చాలా కోపంగా ఉందండి అని చెప్పింది. ఎందుకు చెప్పలేదని నిలదీసింది.

"నువ్వు అడిగేవు, నేను ఆయ్ అన్నాను" అన్నారు మేష్టారు. "వింటున్నానని."

నవ్వాలో కొట్టాలో ఆమెకు తెలియలేదు. మేష్టారు ఆ గొడవ అక్కడితో వదిలేసి ప్రశ్నపత్రం చూపించమన్నారు. కళ్ళజోడు పెట్టించుకుని, ఒక్కో ప్రశ్నకూ ఏం రాశావని అడుగుతూ వెళ్ళారు. ఆరో ప్రశ్న దగ్గర మైనస్ గుర్తు మర్చిపోయిందని తేలింది. "అయ్యో, అయ్యో" అని ఆయన తల పట్టుకున్నారు. రెండు వేళ్ళు తీసేసినప్పుడు కిమ్మనని మనిషి ఆ మైనస్ కోసం పక్క మంచాల వాళ్ళు తిరిగి చూసేటంత విలవిల్లాడిపోయారు.

ఇంటికొచ్చిన ఇందిరకు అన్నం సయించలేదు. రోజూ తన చేతుల్లో ఉండే పాదం అది. తను వెళ్ళి ఉంటే మొదటి రోజే వాసన పట్టేది, రంగు చూసి గుర్తుపట్టేది. ఎదురుగా ఉన్న కాలు చూసుకోలేనిదాన్ని నేనింకేం మిషన్లు చూస్తాను అనుకుంది. నెల రోజులు యాకోబు ఎంత చెప్పినా వినలేదు. ఫలితాలు రాకముందే మేట్రను దగ్గరికి వెళ్ళి, సోమవారం నుంచి డ్యూటీకి వస్తానని చెప్పి వచ్చింది. జ్ఞానమ్మ సంతోషానికి అంతు లేదు. వచ్చే ఆదివారమే కృతజ్ఞత కూడిక అని పాస్టరు గారికి చెప్పేసింది, టెంటు మాట్లాడేసింది.

గురువారం ఫలితాలు వచ్చాయి. పాసైంది, మైనస్ పోగా అయిదు మార్కులు ఎక్కువే వచ్చాయి. ఆ సాయంత్రం తల్లీ కూతురూ కలిసి, ఇంటికి వచ్చేసిన మేష్టారిని కూడికకు పిలవడానికి వెళ్ళారు. ఇందిర మార్కులు చెప్పి, ఆ వెంటనే తిరిగి డ్యూటీలో చేరుతున్న సంగతీ చెప్పింది. కారణం ఆమె నోట రాలేదు. జ్ఞానమ్మే చెప్పింది, కట్టు కట్టిన ఆ కాలి వంక చూస్తూ.

"మా పిల్ల నర్సుగానే ఉండుంటే మీ వేళ్ళు మీకుండేవి కదండీ."

"ఉండేవేమో జ్ఞానమ్మ గారూ" అన్నారు మేష్టారు. ఆ ఇంట్లో ఆవిడ పేరు పక్కన గారు వినబడటం అదే మొదటిసారి. "ఉన్నా, ఈ వయసులో నేనెక్కడికి పరిగెడతానండీ? పరిగెట్టాల్సింది మీ అమ్మాయి." తరవాత ఇందిర వైపు తిరిగి, వేళ్ళు నువ్వు చూడకపోవడం వల్ల పోలేదు, నేను దాచడం వల్ల పోయాయి, నా తప్పు నువ్వెందుకు మొయ్యడం అన్నారు. ఆమె అర్థం కాలేదని చెప్పిన రోజు నుంచే తను పాఠం చెప్పడం నేర్చుకున్నాననీ, అందుకు ఇంతవరకూ ఆమెకు థాంక్స్ చెప్పలేదనీ అన్నారు. చెప్పి, చేతులు జోడించారు. ఇందిర కంగారుగా ఆ చేతులు పట్టుకుని కిందికి దించింది.

తల్లీ కూతురూ ఇంటి దారి పట్టారు. ఇంటి మలుపు దగ్గర జ్ఞానమ్మ ఆగి, మేట్రనమ్మకి రేపే ఫోను చేసెయ్యి, సోమవారం దాకా ఆవిణ్ణి అట్టిపెట్టడం బాగోదు అంది. ఇందిరకు మొదట ఆ మాట బోధపడలేదు. తనను డ్యూటీకి వద్దంటోందని బోధపడ్డాక తల్లి భుజం మీద తల పెట్టుకుని రోడ్డు మీదే నిలబడిపోయింది.

కూడిక అనుకున్న ఆదివారమే జరిగింది. మేష్టారు ఆటోలో వచ్చి, ముందు వరసలో కాలు ఇంకో కుర్చీ మీద చాపుకుని కూర్చున్నారు. పక్కన సూర్యకుమారి గారు. పాస్టరు గారు సాక్ష్యం చెప్పమంటే ఇందిర లేవబోయింది. ఆమె చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి జ్ఞానమ్మ లేచింది.

"దేవుడు నా పిల్లని నర్సుని చేసేడు. అప్పుడు ఇక్కడే నిలబడి స్తోత్రం చెప్పేను. ఇప్పుడు ఏం చేస్తున్నాడో నాకు అర్థం కాలేదండి. అర్థం కాకపోయినా స్తోత్రమే చెబుతున్నాను."

ఇంకా ఏదో చెప్పబోయి, మేష్టారి వైపు చూసి, కొంగుతో కళ్ళు ఒత్తుకుని కూర్చుంది. యాకోబు లేచి అందరికీ భోజనాలు వడ్డించమన్నాడు.